థిన్నర్‌తో తుడిచిన సముద్రం

లీలాకుమారి నేరుగా షూటింగ్ ఫ్లోర్‌లోకి నడిచి వెళ్ళి కెమెరాకు అడ్డంగా నిలబడినప్పుడు, అక్కడున్నవాళ్ళలో సగం మంది ఆమెను ఎవరో క్యారెక్టర్ ఆర్టిస్టు అనుకున్నారు. నేత చీర, తెల్లబడిన జుట్టు, భుజాన గుడ్డ సంచీ. హీరో తల్లి వేషానికి ఇలాంటివాళ్ళు వస్తూనే ఉంటారు.

"కట్, కట్! ఎవరండీ ఆవిడ?" అని దర్శకుడు మైకులో అరిచాడు.

ఆమె వినిపించుకోలేదు. అది పాతాళ సముద్రం సెట్టు. నీలం లైటు, పొగ, మధ్యలో ఒక సింహాసనం. దాని మెట్ల మీద పేర్చిన నల్లరాళ్ళలో ఒకదాన్ని చేతిలోకి తీసుకుని వాసన చూసింది. వేళ్ళు ఒకదానికొకటి రుద్దుకుంది. జిగటగా ఉన్నాయి.

"గ్లిజరిన్," అంది. తర్వాత రాయిని అటూ ఇటూ తిప్పింది. "నంబరేది?"

రాయిని లైటు కిందికి పట్టి చూసింది.

"దీని మీద నంబరుండాలి. పక్కన బాణం గుర్తుండాలి. ఏవి?"

సెట్టుకు రంగులు వేసే కౌసల్య మూల నుంచి జవాబిచ్చింది. "తుడ్సినం మేడం. థిన్నర్ పెట్టి రుద్దినం. పాతాళంల ఇంగ్లీషు నంబర్లేంది, కెమెరాల పడ్తయ్, తుడ్వమని సార్ చెప్పిండు."

"ఏ సారు?"

కౌసల్య చెయ్యి చూపించింది. కుర్చీలో కూర్చున్న సారు అప్పటికే లేచి నిలబడ్డాడు. ఆయన ఈ సినిమాకు ఆర్ట్ డైరెక్టర్. పేరు త్రినాథరావు. లీలాకుమారి భర్త.

*

వాళ్ళ ఇల్లు ఫిల్మ్ నగర్ కొండ ఎక్కే దారిలో ఉంది. గేటు దగ్గర బండి ఆపి అడిగేవాళ్ళంతా త్రినాథరావు కోసమే వస్తారు. లీలాకుమారి గురించి ఆ వీధికి తెలిసింది ఒక్కటే: ఆర్ట్ డైరెక్టర్ గారి భార్య, ఏదో గవర్నమెంటు ఉద్యోగం చేసి రిటైరయింది. ఆ ఏదో ఉద్యోగం ఏమిటని ఎవరూ అడగలేదు. అడిగితే చెప్పేది. చెప్పడం ఆమెకు ఇష్టం కూడా.

ఆమె పుట్టింది నిడదవోలులో. తండ్రి కాలవ లాకుల దగ్గర ఉద్యోగి. వేసవిలో కాలవలు కట్టేశాక, అడుగున పూడిక తీసేవాళ్ళు. పైబురద గోధుమరంగులో ఉండేది. దాని కిందది నల్లగా, కుళ్ళిన గుడ్డు వాసన వేస్తూ ఉండేది. ఆ నల్లబురదను గట్టు మీద పోస్తే గాలి తగిలి రంగు మారేది, వాసన పోయేది. పిల్లలంతా ముక్కు మూసుకుని పారిపోతే ఈమె పుల్లతో కెలుకుతూ కూర్చునేదని వాళ్ళమ్మ శారదాదేవి వచ్చినవాళ్ళందరికీ చెప్పి నవ్వేది. గాలి తగలడమంటే ఆక్సిజన్ తగలడమని, నలుపంటే అది అందని చోటని ఆ తర్వాత వాల్తేరులో చదువుకుంది. జియాలజీలో ఎమ్మెస్సీ, అటుపైన పీహెచ్‌డీ, హైదరాబాదులో ఒక పరిశోధనా సంస్థలో ఉద్యోగం. పెళ్ళి పెద్దవాళ్ళు కుదిర్చిందే. త్రినాథరావుది తణుకు. అప్పట్లో సెట్లకు రంగులేసేవాడు.

"నీ రాయి పగలగొడితే లోపల రాయే ఉంటుంది. నా రాయి పగలగొడితే థర్మోకోల్ ఉంటుంది. అయినా జనం డబ్బులిచ్చి చూసేది నా రాయినే," అని కొత్తలో ఆటపట్టించేవాడు. ఆమె నవ్వేది. ఆ మాట విన్న ప్రతిసారీ నవ్వడం ఏ సంవత్సరంలో ఆపేసిందో ఇద్దరూ చెప్పలేరు.

ఆమె ఉద్యోగం ఇదీ. నూట ఎనభై కోట్ల ఏళ్ళ కిందటి సముద్రం ఇప్పుడు లేదు. దాని నీళ్ళు లేవు, దాని మీది గాలి లేదు. దాని అడుగున పేరుకున్న బురద మాత్రం గట్టిపడి రాయిగా మారి కడప జిల్లా నేల కింద ఉంది. ఆ సముద్రంలో ఆక్సిజన్ ఉందా, ఉంటే ఎంత అన్న ప్రశ్నకు జవాబు ఆ రాయిలోనే వెతకాలి. మాలిబ్డినం అనే లోహం ఆక్సిజన్ ఉన్న నీటిలో కరిగి తిరుగుతూ ఉంటుంది. ఆక్సిజన్ లేని, కుళ్ళిన గుడ్డు వాసన వేసే అడుగునీటిలోకి వచ్చిందా, బురదలో దిగిపోతుంది. అందుకని ముందు రాయిలో ఇనుము ఏ రూపంలో ఉందో కొలుస్తారు. ఆ చోట అడుగునీరు ఎలా ఉండేదో ఇనుము చెబుతుంది. అది కుళ్ళు నీరేనని తేలాక అదే రాయిలో మాలిబ్డినం ఎంతుందో చూస్తారు. ఎక్కువుంటే, ఆ రోజుల్లో మిగతా సముద్రమంతా దాన్ని బోలెడంత మోస్తోందన్నమాట. అంటే మిగతా సముద్రానికి గాలి బాగా అందుతోంది. తక్కువుంటే అందడం లేదు. ఒక మూల బురదను కొలిచి ప్రపంచం మొత్తం ఊపిరి లెక్కగట్టడం.

ఇదంతా ఒక్క షరతు మీద నిలబడుతుంది. ఏ ముక్క పైది, ఏ ముక్క కిందిది అన్నది తెలియాలి. కిందిది ముందు పేరుకుంది, పైది తర్వాత పేరుకుంది. ఆ వరస ఉంటే అది చరిత్ర. వరస పోతే రోడ్డు మీద పోసుకునే కంకర.

ఒక గనుల కంపెనీ ఖనిజం కోసం వేసిన బోరులో, వాళ్ళకు అక్కర్లేని నల్లరాతి కడ్డీలు బయటికొచ్చాయి. లీలాకుమారి వెంటపడి వాటిని తెచ్చుకుంది. కంపెనీ బోరును సిమెంటుతో మూసేసి వెళ్ళిపోయింది. అంటే ఆ రాయి మళ్ళీ రాదు. ఆ కడ్డీలను నిలువునా రెండుగా కోయించింది. ఒక సగం పొడి చేసి కొలవడానికి. రెండో సగం అలాగే ఉంచడానికి. రేపు ఎవరైనా నీ కొలత తప్పని అంటే, ఇదుగో రాయి, నువ్వే కొలుచుకో అని ఇవ్వడానికి. ప్రతి ముక్క మీదా ఎంత లోతుదో అంకె వేసింది, ఏ వైపు పైకో బాణం గీసింది. పెట్టెల్లో వరసగా పేర్చింది.

ఆ రెండో సగమే మెట్ల మీద గ్లిజరిన్ పూసుకుని మెరుస్తోంది.

రాళ్ళు ఇంటికెందుకొచ్చాయో కూడా చెప్పాలి. ఆమె రిటైరవబోతున్న ఏడాది సంస్థవాళ్ళు రాళ్ళు దాచే షెడ్డును కూలగొట్టి, సదస్సులు జరుపుకోవడానికి ఏసీ హాలు కట్టాలని నిర్ణయించారు. రాళ్ళేం చేయాలని అడిగితే, అవసరమైనవి ఎవరికి వాళ్ళు తీసుకెళ్ళండి, మిగతావి పునాదిలో పోస్తామన్నారు. భూమి చరిత్ర చదవడానికి పెట్టిన సంస్థ ఆ మాట అంది. లీలాకుమారి ఒకరి తర్వాత ఒకరిని కలిసింది, కాగితాలు పెట్టింది, అరిచింది. చివరికి వ్యాన్ మాట్లాడుకుని పెట్టెలను ఇంటి కారు షెడ్డుకు చేర్చుకుంది. కారు వీధిలోకి వెళ్ళింది. ఆ సంగతి మీద త్రినాథరావు కొన్నాళ్ళు గొణిగాడు.

*

పెట్టెల్లో మూడోది అన్నిటికంటే ముఖ్యం. దానిలో ఒక మీటరు మందాన మాలిబ్డినం కింద రాయికంటే, పైరాయికంటే ఎన్నో రెట్లు ఎక్కువుంది. ఆ మీటరు మాట నిజమైతే, సముద్రానికి గాలి అందిందని ఇప్పటిదాకా అనుకుంటున్న కాలానికి చాలా ముందే ఒకసారి కొద్దికాలం అందింది, మళ్ళీ పోయింది. ఆమె ఉద్యోగ జీవితంలో దొరికిన పెద్ద విషయం అదొక్కటే. మోతీనగర్ కుర్రాడు సిద్ధార్థ, ఆమె దగ్గర చివరగా పీహెచ్‌డీ చేసినవాడు, ఆమెతో కలిసి దాన్ని వ్యాసంగా రాశాడు. సిద్ధార్థది తాత్కాలిక ఉద్యోగం. ఈ వ్యాసం అచ్చయితే పర్మనెంటు ఇంటర్వ్యూలో నిలబడతాడు.

వ్యాసం పంపిన సైన్సు పత్రిక తరఫున దాన్ని పరీక్షించినవాళ్ళు ఒక అనుమానం అడిగారు. బోరు వేసేటప్పుడు వాడే గ్రీజుల్లో కొన్నిటికి మాలిబ్డినం కలుపుతారు. మీకు దొరికింది ఆ గ్రీజు కాదని రుజువేమిటి? దాచిన సగం నుంచి, లోపలి రాయిని మాత్రం కోసి, మీతో సంబంధం లేని లాబొరేటరీకి పంపండి. వాళ్ళకూ అంతే వస్తే ఒప్పుకుంటాం.

న్యాయమైన అనుమానం. లీలాకుమారికి కోపం రాలేదు, హుషారొచ్చింది. రాళ్ళను ఎలా కోయాలో, ఎలా పంపాలో మాట్లాడుకోవడానికి బెంగుళూరులోని లాబొరేటరీకి స్వయంగా వెళ్ళింది. తిరిగొచ్చి కారు షెడ్డు తలుపు తీస్తే అందులో కారు ఉంది.

వంటమనిషి సుబ్బులును అడిగింది.

"సారు యూనిట్ వ్యాన్ తెచ్చి పట్టుకెళ్ళారమ్మా. రాళ్ళు తెర మీద కనబడతాయంట. మీకు చెప్పొద్దన్నారు. మీరు చూసి ఆశ్చర్యపోవాలంట."

ఆమె ఆటో ఎక్కి స్టూడియోకు వచ్చింది.

*

"లీలా, బయటికి రా, మాట్లాడుకుందాం," అన్నాడు త్రినాథరావు మెల్లగా. యూనిట్ అంతా చూస్తోంది.

"ఇక్కడే మాట్లాడండి. ఇక్కడే చేశారుగా."

"కొత్త కెమెరాలు, లీలా. థర్మోకోల్ పెడితే దూదిలా కనబడుతోందని డైరెక్టర్ రెండుసార్లు సెట్టు తిప్పికొట్టాడు. ఈ కుర్ర డైరెక్టర్లకు నా మీద నమ్మకం లేదు, అంతా కంప్యూటర్లో చేసేద్దామంటారు. నిజం రాయి తెస్తానని మాటిచ్చా. నీ రాళ్ళయితే..."

"నన్నెందుకు అడగలేదు?"

"అడిగితే వద్దనేదానివి."

ఆ జవాబులో అబద్ధం లేదు. అందుకే ఆమెకు ఇంకా మండింది.

"షెడ్డులో దుమ్ము పట్టి పడున్నాయి," అన్నాడాయన. "నువ్వు రిటైరయ్యావు. మళ్ళీ అలాగే పెట్టెల్లో పెట్టిస్తా. ఏమైందిప్పుడు? మేం క్లైమాక్స్ ముందు తీస్తాం, మొదటి సీను ఆఖర్న తీస్తాం. వరస తప్పితే ఏమవుతుంది? ఎడిటింగులో పేర్చుకుంటాం."

"ఎలా పేర్చుకుంటారు?"

"క్లాపు బోర్డు మీద నంబరుంటుంది కదా."

"ఆ నంబరే మీరు థిన్నర్ పెట్టి తుడిపించారు."

లీలాకుమారి మెట్ల దగ్గర వంగి ఒక్కో రాయినీ చూసింది. పెద్దవి కింద, చిన్నవి పైన, అందంగా పేర్చారు. అంచులకు బంగారు రంగు పొడి చల్లారు. చేతి పనిలో లోపం లేదు. ఆయన ఏ పనైనా శుభ్రంగానే చేస్తాడు.

"మూడో పెట్టెలో రాళ్ళు ఇందులో లేవు. అవి సన్నగా, పొరలు పొరలుగా ఉంటాయి. ఎక్కడున్నాయి?"

ఈసారి త్రినాథరావు కౌసల్య వైపు చూశాడు. కౌసల్య ఆయన వైపు చూసింది. చెప్పే పని ఆమె మీదే పడింది.

"నీ కాళ్ళ కిందనే ఉన్నయ్ మేడం."

లీలాకుమారి కిందికి చూసింది. సింహాసనం నుంచి కెమెరా ట్రాలీ పట్టాల దాకా నల్లటి గులక పరిచి ఉంది.

"హీరో నడ్వనీకి సన్న రాళ్ళు గావాలన్నరు. ఆ పెట్టెల రాయి మస్తు అల్కగ ఇరిగింది. సుత్తెతోని జర తట్టితే చాలు. సరిపోకుంటే కంకరకు నల్లరంగేసి కలిపినం."

"ఎవరన్నారు తట్టమని?"

"మాకెవరంటరు మేడం? పని చెప్పెటోళ్ళే చెప్తరు. నామీద కండ్లెర్రజేస్తే ఏమొస్తది? నాకెర్క ఉంటే తట్టుదునా? ఎర్కున్నోళ్ళు ఇంట్లనే ఉన్నరు గదా, ఆళ్ళనడుగు."

ఆ మాటకు లైట్‌మెన్‌లో ఒకడు కిసుక్కున నవ్వాడు. లీలాకుమారి అతని వైపు చూడగానే ఆపేశాడు. దర్శకుడు ప్రొడక్షన్ మేనేజర్‌తో ఏదో గుసగుసలాడాడు. మేనేజర్ వచ్చి చేతులు జోడించాడు. "అమ్మా, హీరోగారి డేట్లు. ఈ ఒక్క షాటు తీసుకుని మొత్తం మీ ఇంటికే చేరుస్తాం. మీరు మా సార్ ఇంటావిడ. మా అమ్మలాంటివాళ్ళు."

"మీ అమ్మ చితాభస్మం తెచ్చి ఇక్కడ పరిచారనుకోండి. ఒక్క షాటు తీసుకోమంటారా?"

మేనేజర్ వెనక్కి తగ్గాడు. ఆ రోజు ఆ షాటు తీయలేదు. హీరో క్యారవాన్‌లోకి వెళ్ళిపోయాడు. లీలాకుమారి నేల మీద కూర్చుని చీర కొంగు పరిచి గులకను ఏరడం మొదలుపెట్టింది. అసలు రాయి ఏదో, రంగేసిన కంకర ఏదో ఆమెకు చూడగానే తెలుస్తోంది. కానీ ఏ ముక్క ఏ లోతుదో తెలియదు. అది రాయిలో రాసి ఉండదు. రాయి మీద ఆమె రాసింది, ఆమె భర్త చెరిపించాడు.

*

తర్వాతి వారాలు కారు షెడ్డులో గడిచాయి. పెద్ద ముక్కల పని కొంతవరకు కుదిరింది. పెట్టెలకు పాత ఫోటోలున్నాయి, విరిగిన అంచులు ఒకదానిలో ఒకటి కూర్చుని సరిపోయాయి. త్రినాథరావు తన మోల్డింగ్ పనివాళ్ళను పంపుతానన్నాడు. ఆమె గేటు దగ్గరే వద్దని పంపేసింది. ఆయన షెడ్డు గుమ్మంలో నిలబడేవాడు. కాఫీ తెచ్చి పెట్టేవాడు. అది చల్లారి మీగడ కట్టేది.

మూడో పెట్టె మాత్రం కుదరలేదు. గోరంత, బొటనవేలంత పలుకులు. వాటికి అంచుల్లేవు. ఫోటోల్లో నలుపు పక్కన నలుపు తప్ప ఏమీ లేదు. వాటి మీద ట్రాలీ చక్రాల గ్రీజు అంటుకుని ఉంది. పరీక్షకుల అనుమానమే గ్రీజు గురించి. బోరు గ్రీజు కాదని చూపించాల్సిన రాయికి సినిమా గ్రీజు పూసి ఇచ్చారు.

సిద్ధార్థ వచ్చి ఆ పలుకులను చూశాడు. వేళ్ళతో కాసేపు కెలికాడు. అతని మొహం మాడిపోయింది.

"మేడమ్, ఒక దారుంది," అన్నాడు. "వీటిని కడిగి, ఒక్కోదాన్ని కొలుద్దాం. ఎంతొస్తుందో మన వ్యాసంలోని లోతుల గ్రాఫు పక్కన పెట్టుకుందాం. గ్రాఫులో ఎక్కువున్న చోట ఎక్కువున్న ముక్క, తక్కువున్న చోట తక్కువున్న ముక్క. ఏది ఎంత లోతుదో తెలిసిపోతుంది. అప్పుడు బెంగుళూరు పంపుదాం."

లీలాకుమారి చేతిలో బ్రష్షు కింద పెట్టింది.

"వాళ్ళడుగుతున్నదేంటి? మన గ్రాఫు నిజమా కాదా అని. నువ్వు గ్రాఫు చూసి రాళ్ళు పేరుస్తావు. పేర్చిన రాళ్ళు చూపించి గ్రాఫు నిజమంటావు. జవాబు పేపరు చూసి ప్రశ్న తయారుచేయడం నేను నేర్పానా నీకు?"

"వరస వదిలేయండి. ఒక్క పలుకులో ఎక్కువొచ్చినా చాలు కదా, ఈ రాయిలో ఉన్నట్టే కదా."

"ఎక్కడి నుంచి ఎక్కువ? రాయి నుంచా, ట్రాలీ గ్రీజు నుంచా? గోరంత ముక్కకు లోపలెక్కడ, బయటెక్కడ?"

"ఎవరికి తెలుస్తుంది మేడమ్!" సిద్ధార్థ గొంతు పెరిగింది. "మన కొలత కరెక్టని మీకు తెలుసు, నాకు తెలుసు. నేనేం తప్పు చేశాను? సార్ సరదాకు నా ఉద్యోగం పోవాలా? మీరు రిటైరయ్యారు, మీకు పెన్షనొస్తుంది. నేను ఇంటర్వ్యూలో ఏం చెప్పాలి? మా మేడమ్‌గారి ఆయన సముద్రం మీద హీరోను నడిపించాడని చెప్పాలా?"

"చెప్పు. అది నిజం కనక చెప్పు."

"మీ నిజాయితీకి బిల్లు నా పేరు మీదొస్తోంది," అని లేచి చెప్పులేసుకున్నాడు. ఆమె ఆపలేదు. అతను అన్నదాంట్లో తప్పులేదని ఆమెకు తెలుసు. అది అతని మీద కోపాన్ని తగ్గించలేదు, మిగతా అందరి మీదా పెంచింది.

మర్నాడు సంస్థ నుంచి శ్యామలాదేవి ఫోన్ చేసింది. ఒకప్పుడు లీలాకుమారి కింద పనిచేసిన మనిషి. ఇప్పుడు విభాగానికి అధిపతి.

"అక్కా, సిద్ధార్థ చెప్పాడు. చాలా బాధగా ఉంది. పత్రికవాళ్ళకు ఏం రాస్తున్నారు?"

"జరిగింది రాస్తున్నాను."

"అంతా ఎందుకక్కా? 'నిల్వలో ఉండగా నమూనాలు పాడయ్యాయి' అని ఒక్క ముక్క రాస్తే సరిపోతుంది. అబద్ధం కూడా కాదు. సినిమాలూ సెట్లూ అంటే నవ్వులాట అయిపోతుంది. మీకూ, మాకూ."

"మీకెందుకు?"

"అదే... సంస్థ నమూనాలు ఇంట్లో ఎందుకున్నాయని అడుగుతారు కదా."

"అడగాలి. నిల్వ ఎక్కడుంది శ్యామలా? మీ ఏసీ హాలు కింద ఉంది. షెడ్డు ఉంచి ఉంటే ఈ రాళ్ళు ఫిల్మ్ నగర్ వచ్చేవా? పునాదిలో పోస్తామన్న రోజు నువ్వు ఆ మీటింగులోనే ఉన్నావు. టీ తాగుతూ కూర్చున్నావు."

"నేనప్పుడు ఏం చేయగలనక్కా?"

"ఇప్పుడేం చేయగలవో అదే అప్పుడూ చేయగలిగేదానివి. ఏమీ లేదు. ఫోన్ పెట్టేయ్."

*

ఆ మధ్యాహ్నం భోజనాల దగ్గర త్రినాథరావు తనే మాట ఎత్తాడు. ఆయన అప్పటికి అన్ని రకాల మాటలూ ప్రయత్నించి ఉన్నాడు. సరదాగా, బతిమాలుతూ, అలిగి. క్షమించమని మాత్రం ఇంకా అనలేదు.

"కంపెనీవాళ్ళను అడుగుదాం. మళ్ళీ బోరు వేస్తారేమో."

"సిమెంటు పోసి వెళ్ళిపోయారు."

"పక్కన వేస్తే?"

"ఎవరు వేస్తారండీ? మీ నిర్మాతా?"

పప్పు గిన్నె జరిపాడు. "సిద్ధార్థ నాకూ ఫోన్ చేశాడు. ఆ పద్ధతి బాగానే ఉందనిపించింది లీలా. మీ గ్రాఫు కరెక్టేనని నువ్వే అంటున్నావు. చివరికి వచ్చేది అదే జవాబైనప్పుడు..."

"మీరు థర్మోకోల్‌కు నల్లరంగేసి రాయంటారు. అది మీ వృత్తి. చూసేవాడికీ అది రాయి కాదని తెలుసు, తెలిసే టిక్కెట్టు కొంటాడు. నేను రాయి ఇచ్చి ఇది రాయంటే నమ్మి పరీక్షించేవాడున్నాడు. వాడికి థర్మోకోల్ ఇమ్మంటున్నారు."

"నా ఉద్దేశం అది కాదు."

"మీ ఉద్దేశాలతో నాకు పని లేదు. ముప్ఫై ఏళ్ళు మీ సెట్లకు అన్నం క్యారియర్లు కట్టాను. ఏ రంగు డబ్బానూ మిమ్మల్ని అడక్కుండా జరపలేదు. ఒక్కరోజైనా మీ బ్రష్షు తీసి ఇల్లు తుడవలేదు. మీది పని అని నాకు తెలుసు కనక. నాది దుమ్ము పట్టిన రాయి. రిటైరయింది కదా, పడున్నాయి కదా. అసలు ఆ రాళ్ళేంటని మీరు నన్నెప్పుడైనా అడిగారా? ఒక్కసారి? ఆశ్చర్యపరుద్దామనుకున్నారట! నా పనేంటో తెలియని మనిషి నన్ను ఆశ్చర్యపరుస్తాడు!"

సుబ్బులు మజ్జిగ తెచ్చినదల్లా గుమ్మం దగ్గరే ఆగిపోయింది.

త్రినాథరావు కంచం పక్కకు జరిపి, "ఇప్పుడు చెప్పు, వింటాను," అన్నాడు.

"ఇప్పుడు వినడానికి ఏముంది? కాళ్ళ కింద తొక్కించేశారు," అని ఆమె కంచం ముందు నుంచి లేచింది.

గదిలోకి వెళ్ళి కంప్యూటర్ ముందు కూర్చుంది. పత్రికకు రాయాల్సిన జవాబు సగం సిద్ధంగా ఉంది. మిగతాది రాసింది. మూడో పెట్టెలోని మీటరు ఇక లేదు. మా కొలతను మరొకరు సరిచూసే వీలు లేదు. వీలు లేనిదాన్ని మేం చెప్పకూడదు. అందువల్ల ఆ మీటరుకు సంబంధించిన వాదన మొత్తాన్ని, దాని పట్టికలతో సహా వ్యాసం నుంచి తీసేస్తున్నాం. మిగిలిన పెట్టెల్లో కుదిరిన ముక్కలను బెంగుళూరు పంపుతున్నాం. మిగిలినదానిలో కొత్త సంగతేమీ లేదని మాకు తెలుసు. అచ్చువేయాలో లేదో మీ ఇష్టం.

తర్వాత కారణం రాసింది. సంస్థ షెడ్డును కూల్చిన సంగతి రాసింది. తాను కారు షెడ్డుకు కనీసం తాళం వేయలేదని రాసింది. సినిమా సెట్టు సంగతి, థిన్నరు, సుత్తెలు, గ్రీజు, ఏదీ వదల్లేదు. సిద్ధార్థకు ఇందులో ఏ పాత్రా లేదని, కొలతలు అతను నిక్కచ్చిగా చేశాడని విడిగా ఒక పేరా రాసింది. అదే పేరాను అతని ఇంటర్వ్యూ కమిటీకి కూడా పంపడానికి సిద్ధమని కింద చేర్చింది. అది అతనికి ఉద్యోగం తెచ్చిపెట్టదని ఆమెకు తెలుసు.

పంపేశాక కుర్చీ వెనక్కి జరిపింది. తలుపు దగ్గర త్రినాథరావు నిలబడి ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో.

"పంపేశావా?"

"పంపేశాను."

"నా సంగతి కూడా?"

"అన్నీ."

ఆయన తువ్వాలుతో చేతులు తుడుచుకున్నాడు. తడి లేకపోయినా తుడుచుకుంటూనే ఉన్నాడు. "పేరు రాశావా?"

"లేదు. నా భర్త అని రాశాను."

త్రినాథరావు కళ్ళు దించుకున్నాడు.

"పేరు రాసుంటేనే బాగుండేది. ఎవడో ఆర్ట్ డైరెక్టర్ అనుకునేవాళ్ళు," అన్నాడు.